ఒక్క కీర్తన పంపండి, ఎక్కడ వినాలో చెప్పి పంపండి

మా తమ్ముడి కొడుకు గుంటూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. పోయిన ఏడాది సంక్రాంతికి విజయవాడ వచ్చినప్పుడు, "అత్తా, నాకూ కర్ణాటక సంగీతం వినాలనుంది, ఏమైనా పంపవా" అన్నాడు. ఆ సంబరంలో ఒకే రాత్రి పదిహేడు లింకులు పంపేశాను. ఉగాదికి అడిగితే ఒక్కటి కూడా తెరవలేదట. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీలేదత్తా, ఆ లిస్టు చూస్తేనే టెన్షన్ వచ్చింది" అన్నాడు. ఆకలేస్తోందని పళ్లెం పట్టుకొచ్చిన పిల్లవాడి ముందు గుండిగ తెచ్చి పెట్టాను నేను.

ఆ తర్వాత ఒక్కటే పంపాను, ఇలా రాసి: "ఒరేయ్ నాన్నా, ఇది మీ తాతయ్య రేడియోలోంచి రికార్డు చేసుకున్న మోహన రాగం పాట. పదకొండు నిమిషాలు. పడుకునే ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. మొదట్లో మాటలుండవు, రాగం మాత్రమే పాడతారు. గాయకుడు ఒక ముక్క పాడి ఆపగానే వెనకాల వయొలిన్ అదే ముక్కని మళ్ళీ పలుకుతుంది. అలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టి చెప్పు, చాలు." మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది: "తొమ్మిది. కానీ ఏడోసారి వయొలిన్ ఆయన పాడింది వాయించలేదత్తా, ఇంకేదో వాయించింది." నేను ఆ క్యాసెట్టు ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఏడోసారి సంగతి నాకూ తెలీదు. వెంటనే పెట్టుకుని విన్నాను. నిజమే. గాయకుడు పైషడ్జం, అంటే పై స్థాయి "స" దగ్గర వదిలేసిన చోటునుంచి వయొలిన్ ఇంకాస్త పైకి వెళ్లి దిగింది.

సంగీతం పంచుకోవడం గురించి నాకు తెలిసిందంతా ఆ మెసేజ్‌లోనే ఉంది. ఒక్కటే పంపాలి. ఎంతసేపు ఉంటుందో చెప్పాలి. చెవి ఎక్కడ పెట్టాలో చెప్పాలి. "అద్భుతం, తప్పక వినండి" అని రాస్తే ఎదుటివాళ్ళకి చేతిలో ఏమీ పెట్టినట్టు కాదు. పైగా అది నచ్చకపోతే తమలోనే లోపముందేమో అనుకుంటారు.

కొత్తవాళ్ళకి ఏది పంపాలి? ఐదు స్వరాల రాగాలతో మొదలుపెట్టండి. మోహనంలో స, రి, గ, ప, ద. హంసధ్వనిలో ద తీసేసి ని. ఆ ఒక్క స్వరం తేడాతో రెండు రాగాల ముఖాలు ఎంత వేరుగా ఉంటాయో వరసగా వింటే ఎవరికైనా తెలుస్తుంది, స్వరాల పేర్లు తెలియక్కర్లేదు. మోహనానికి "నను పాలింప", హంసధ్వనికి "వాతాపి గణపతిం" తీసుకోండి. రెండూ చాలామంది పాడారు కాబట్టి తేలిగ్గా దొరుకుతాయి. ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు మించనివ్వకండి. కచేరీలో అన్నిటికంటే విస్తారంగా గంటసేపు పాడే రాగం తానం పల్లవి వాళ్ళే అడిగిన రోజున ఇవ్వండి.

కలిసి వినడం ఇంకో పద్ధతి. ఇది నాకు మరీ ఇష్టం. మాది సత్యనారాయణపురం, బీఆర్‌టీఎస్ రోడ్డుకి రెండు వీధులు లోపల. నెలకోసారి, రెండో శనివారం, మా ముందుగదిలో ఆరేడుగురం కూర్చుంటాం. పక్కవాటా పిన్నిగారు, రిటైరైన లెక్కల మేష్టారు, మృదంగం నేర్చుకుంటున్న కుర్రాడు, సింగ్‌నగర్ నుంచి వచ్చే ఆటో తమ్ముడొకడు. అతనికి నాదస్వరమంటే ప్రాణం. వాళ్ళ పెళ్లిళ్లలో చిన్నప్పటినుంచీ విన్నాడు. షేక్ చినమౌలానా గారి రికార్డు మొదటిసారి మా ఇంట్లో పెట్టినప్పుడు, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో చేత్తో చూపించాడు. మా ఎవరికీ అప్పటిదాకా అటు దృష్టి పోలేదు.

గదిలో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఫ్యాను పెద్ద శత్రువు. తంబురా నాదమంతా ఆ హోరులో కలిసిపోతుంది. అలాగని మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపమంటే మనుషులు లేచిపోతారు. అందుకని ఎండాకాలం మూడు నెలలూ సాయంత్రం మానేసి పొద్దున ఆరింటికి పెట్టుకుంటాం. అప్పుడు రోడ్డు మీద హారన్లు కూడా తక్కువ. ఫోన్లన్నీ వంటింట్లో ఒక పళ్లెంలో పెట్టేస్తాం. పునుగులు, కాఫీ విన్న తర్వాతే. పాట నడుస్తుండగా ఎవరూ మాట్లాడరు, "ఆహా" అనొచ్చు.

ఒకే పాటని రెండుసార్లు వినిపించండి. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి తలా ఒక పని పంచండి: ఒకరు వయొలిన్ మాత్రమే, ఒకరు మృదంగం మాత్రమే, ఒకరు తాళం. ఆదితాళం పట్టుకోవడం ఐదు నిమిషాల్లో నేర్పొచ్చు. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు వరసగా లెక్క. అక్కడికి నాలుగు. ఆపైన దెబ్బ, చెయ్యి తిప్పడం, మళ్ళీ దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. తప్పుతుంది, ఫర్వాలేదు. పాట పల్లవికి తిరిగొచ్చినప్పుడు మళ్ళీ అందుకోవచ్చు. మా పిన్నిగారు అరవై ఎనిమిదో ఏట ఇలా తాళం పట్టడం నేర్చుకున్నారు. తనియావర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం చివర, మోరా అనే ముగింపు తీసి అందరూ ఒక్కచోట కలిసినప్పుడు, ఆవిడ చెయ్యి కూడా సరిగ్గా ఆ దెబ్బమీదే పడింది. కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మూడో నెలో నాలుగో నెలో వచ్చేసరికి ఒకే కీర్తనని ఇద్దరు పాడినవి పక్కపక్కన పెట్టండి. మేము "నగుమోము"తో చేశాం. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి గ్రామఫోను రికార్డు ఆ రోజుల్లో ఇంటింటా మోగింది. బాలమురళీకృష్ణ గారి "నగుమోము" మన తెలుగువాళ్ళకి కంఠతా వచ్చు. గ్రామఫోను ప్లేటుకి ఒకవైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. అంత కొంచెం చోటులో విద్వాంసులు ఏది ఉంచారు, ఏది వదిలారు అని వినండి. కచేరీలో సాగదీసిన పాటతో పోల్చి చూస్తే ఆ ఏరుకోవడంలో ఉన్న పనితనం తెలుస్తుంది. ఇంకొంచెం ముందుకెళ్ళినవాళ్ళు ధైవతం, అంటే "ద" స్వరం పట్టుకోండి. "నగుమోము" రాగం ఆభేరి. దానికి పాత పద్ధతిలో శుద్ధ ధైవతం, ఇప్పుడు ఎక్కువమంది పాడేది దానికంటే కాస్త పైనుండే చతుశ్రుతి ధైవతం. ఎవరి పాటలో ఏది వినిపిస్తోందో మా మేష్టారూ మృదంగం కుర్రాడూ ఒక గంట వాదించుకున్నారు. అంతకంటే మంచి సాయంత్రం మా ఇంట్లో జరగలేదు.

ఇక కొత్త రికార్డులు వెతకడం. యూట్యూబ్ తనంతట తాను చూపించేవి పట్టుకుంటే ఆ పది పేర్ల చుట్టూనే తిరుగుతాం. నా పద్ధతి, పక్కవాద్యాల పేర్లు పట్టుకుని పోవడం. బాలమురళి గారి పాట నచ్చిందా, పక్కన వయొలిన్ ఎవరో చూడండి. అన్నవరపు రామస్వామి గారైతే, ఆయన సోలో కచేరీలు వెతకండి. ఇద్దరూ మన ఊళ్లోనే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్నవాళ్ళు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన గురువు త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు. ఇలా ఒక పాట పట్టుకుని కదిలితే త్యాగరాజస్వామి ఊరు తిరువయ్యారు దాకా తోవ కనిపిస్తుంది. ఇంకో దారి శ్రీపాద పినాకపాణి గారిది. ఆయన దగ్గర నేర్చుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారు, వోలేటి వెంకటేశ్వర్లు గారు, వాళ్ళందరి దగ్గరా నేర్చుకున్న మన మల్లాది సోదరులు. ఒకే రాగం వీళ్ళందరి పాటలో వినండి. వోలేటి గారి గొంతులో హిందుస్తానీ ఛాయ ఎక్కడ తగులుతుందో గుర్తుపట్టడం నాకు చాలా ఇష్టమైన పని.

వెతికేటప్పుడు స్పెల్లింగు చూసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో "త"కి కొందరు టి ఒక్కటే రాస్తారు, తమిళులు ఎక్కువగా టి హెచ్ రాస్తారు. "శంకరాభరణం" ఒకరు ఎస్‌తో, ఒకరు ఎస్ హెచ్‌తో. రెండు రకాలుగానూ కొట్టి చూడండి, తెలుగు లిపిలోనూ చూడండి. మూడుసార్లూ వేరే ఫలితాలు వస్తాయి. లింకు కింద రాసిన రాగం పేరుని మాత్రం గుడ్డిగా నమ్మకండి.

ఆకాశవాణిని వదలొద్దు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా నాన్నగారి తరానికి అదే సంగీత కళాశాల. ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం వస్తుంది, ఇరవై నాలుగు గంటలూ శాస్త్రీయ సంగీతమే వేసే రాగం చానల్ కూడా వస్తుంది. అది 2016 జనవరి 26న మొదలైంది. అందులో మనం ఎంచుకోం, వాళ్ళు వేసింది వింటాం. మనంతట మనం ఎప్పటికీ వెతకని పేర్లు అలాగే తగులుతాయి. రేడియో పక్కన ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, పేరు, రాగం, నచ్చిన చోటు రాసుకోండి. కచేరీ రికార్డుల కోసం సంగీతప్రియ అనే వెబ్‌సైటుంది. రసికులు డబ్బు ప్రసక్తి లేకుండా పంచుకునేవి అక్కడ ఉంటాయి. పాత గ్రామఫోను ప్లేట్లకి ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ చూడండి.

మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్లు ఉంటే ఈ కాస్తా జాగ్రత్తగా చదవండి.

మా నాన్నగారు రేడియోలోంచి రికార్డు చేసినవి నూట నలభై పైచిలుకు క్యాసెట్లు. ఆయన పోయాక వాటిలో పన్నెండు ఒకచోట ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నాను. తెచ్చుకుని విన్నాను, బాగానే ఉన్నాయి. కానీ ఏదో నలతగా ఉంది, గొంతులు కొంచెం బిగుసుకున్నట్టు. వారం రోజులు అర్థం కాలేదు. ఆ పన్నెండులో ఒక కల్యాణి ఉంది. నాన్నగారు రోజూ సాయంత్రం తన శ్రుతిపెట్టె ఒకటిన్నరకి పెట్టుకుని ఆ క్యాసెట్టుతో కలిసి పాడుకునేవారు. పాడేవాళ్ళ శ్రుతి ఎంత ఎత్తులో ఉందో ఇలా అంకెల్లో చెప్తారు, ఒకటిన్నర కంటే రెండు అర మెట్టు ఎత్తు. అది గుర్తొచ్చి శ్రుతిపెట్టె దించి, దుమ్ము తుడిచి, ఒకటిన్నర పట్టాను. కలవలేదు. రెండుకి మార్చాను. కలిసింది. ఎక్కించినవాళ్ళ టేపురికార్డరు వేగంగా తిరుగుతోందన్నమాట. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు పైకి పోతుంది. ఒకటిన్నర రెండవుతుంది. వినేవాళ్ళకి పట్టు దొరకదు, మనిషి గొంతు మాత్రం మనిషిది కాకుండా పోతుంది.

అందుకని ఎక్కించాక మొదట శ్రుతి సరిచూడండి. మగవాళ్ళ పాట సాధారణంగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవాళ్ళది ఐదు దగ్గర్లో ఉంటుంది. ఆ గాయకుడిదే నమ్మకమైన రికార్డు ఇంకొకటి ఉంటే దానితో పోల్చండి. తేడా ఉంటే ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగం మార్చండి. పిచ్ మాత్రమే మారిస్తే తాళం నడక తప్పుగానే మిగిలిపోతుంది. టేపు మందంగా వినిపిస్తే, ముందు హెడ్‌ని, అంటే టేపు రాసుకుంటూ పోయే చిన్న లోహపు ముక్కని, దూదికి స్పిరిట్ అద్ది తుడవండి. అప్పటికీ మందంగా ఉంటే హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ వినండి. ఒకచోట గంజిర అనే చిన్న పక్కవాద్యం గలగల ఒక్కసారిగా విచ్చుకుంటుంది, అక్కడ ఆపండి. అసలు కాపీ వేవ్ ఫైలుగా దాచండి. సీడీ నాణ్యతలో గంటకి ఆరు వందల ఎంబీ పైనే అవుతుంది, అయినా దాచండి. పంచుకోవడానికి ఎంపీత్రీ చాలు.

ఫైలు పేరులో గాయకులు, పాట, రాగం, తాళం, పక్కవాద్యాలు, తేదీ రాయండి. "ట్రాక్ 03" అని పంపితే అది అనాథ. రేడియో అనౌన్స్‌మెంట్‌ని ఎప్పుడూ కత్తిరించకండి. టేపు ఆదా చేద్దామని నాన్నగారు చాలాచోట్ల అది కోసేశారు. ఆ పేర్లు చెప్పిన గొంతు పోయింది, పేర్లూ పోయాయి.

ఒక మాట హక్కుల గురించి కూడా. మన దేశంలో విడుదలైన రికార్డుకి ఆ తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. త్యాగరాజ కీర్తన అందరిదీ, దాన్ని నిన్నమొన్న పాడి విడుదల చేసిన సీడీ మీద హక్కు మాత్రం ఆ రికార్డు తయారుచేసినవాళ్ళది, పాడినవాళ్ళకీ అందులో హక్కులుంటాయి. అలాంటివి ఫైలు పంపకుండా ఎక్కడ కొనాలో, ఎక్కడ వినాలో చెప్పండి. ఈ కళతోనే బతికేవాళ్ళున్నారు.

నాన్నగారి క్యాసెట్లలో ఒకదాని మీద ఆయన చేత్తో రెండే ముక్కలు ఉన్నాయి: "తోడి. వాన." మధ్యలో మెరుపులకి రేడియో చిటపటలాడింది వినిపిస్తుంది. గాయకుడి పేరు లేదు. మా మృదంగం కుర్రాడు వాళ్ళ గురువుగారికి వినిపిస్తే, ఆయన మృదంగం బాణీ మన కృష్ణా తీరానిదే అన్నారు, అంతవరకే చెప్పగలిగారు. వచ్చే రెండో శనివారం మళ్ళీ అదే పెడుతున్నాను. పాత రేడియో విన్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే తీసుకురండి. మెట్లు ఎక్కలేనివాళ్ళ కోసం కింద వాటాలోనే కుర్చీలు వేయిస్తున్నాను.