మాక్రో రాసే ముందు జర ఇవి చూస్కోండ్రి
కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషల డెఫ్‌మాక్రో (మాక్రోను, అంటే కోడ్‌ను తయారుచేసి పెట్టే కోడ్‌ను రాసే ఆదేశం) కొట్టే ముందు ఒక్కటి అడుక్కోండ్రి, ఈ పని ఫంక్షన్‌తోని అయితదా? అయితే ఫంక్షనే రాయుండ్రి, మాక్రోని మ్యాప్‌కార్‌కు (లిస్ట్‌ల ఒక్కోదాని మీద ఫంక్షన్ నడిపేది) ఇయ్యరాదు, ఫన్‌కాల్ (ఫంక్షన్‌ను విలువ లెక్క తీస్కొని పిలిచేది) చెయ్యరాదు.

ఆర్గ్యుమెంట్ రెండుసార్లు వాడుతున్నరా, ఆగుండ్రి. స్క్వేర్ అని మాక్రో రాసి లోపట ఎక్స్ ఇంటూ ఎక్స్ పెట్టిన్రు అనుకోండ్రి, ఎన్ 5 ఉన్నప్పుడు దానికి ఇంక్‌ఎఫ్ ఎన్ (ఎన్‌ను ఒకటి పెంచేది) ఇస్తే 36 రావాలె గదా, 42 వస్తది, ఇంక్‌ఎఫ్ రెండుసార్లు నడిచి 6 ఇంటూ 7 అయింది మరి. విలువను లెట్‌ల (విలువకు పేరు పెట్టేది) ఒక్కసారి పట్టుకొని అదే వాడాలె, ఆ లెట్ పేరు జెన్‌సిమ్‌తోనే (ఇంకెక్కడ లేని కొత్త పేరు ఇచ్చేది) తియ్యాలె. నేను హన్మకొండల రూమ్‌ల కూసొని రెండు విలువలు అటుఇటు మార్చే స్వాప్ మాక్రో రాస్తే లోపట టెంప్ అని పేరు పెట్టిన, పిలిచే కోడ్‌ల గూడ టెంప్ ఉండె, ఎర్రర్ రాలే ఏం రాలే, రెండు పేర్లు ఒక్కటైపోయి విలువలు మారనే లేదు, రాత్రంత గదే పని. లిస్ప్ కుటుంబంలదే ఇంకో భాష స్కీమ్‌ల సింటాక్స్-రూల్స్‌తోని మాక్రోలు రాసేటోళ్లకు ఈ పేర్ల లొల్లి ఉండదు.

మాక్రోఎక్స్‌పాండ్-1 (మాక్రోను ఒక్క మెట్టు విప్పి చూపెట్టేది) కొట్టి విప్పిన కోడ్ కండ్లతోని చూడకుంట ముందుకు పోవద్దు. ఫైల్‌ల మాక్రో దాని వాడకం కన్న పైనుండాలె. మాక్రో మార్చినంక దాన్ని వాడే ఫంక్షన్లన్నీ మళ్ల కంపైల్ చెయ్యుండ్రి, లేకుంటే పాతదే నడుస్తుంటది.