వేరేవాళ్ల కోడ్ కలిపే ముందు జాగ్రత్తలు

నల్లగొండ, పాలమూరు కాలేజీల నుంచి ఓపెన్ సోర్స్‌లోకి వస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ప్రాజెక్టులో ఎవరిదైనా కోడ్ కలిపే ముందు, సర్వర్‌లో కొత్త వెర్షన్ ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

పాత మనిషే కదా అని చదవకుండా ఓకే చేయొద్దు. లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో జియా టాన్ అనే పేరుతో వచ్చినవాళ్లు రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేశారు. అప్పటికే అలసిపోయి ఉన్న నిర్వాహకుణ్ని బాధ్యత ఇంకొకరికి ఇమ్మని వేరే పేర్లవాళ్లు సతాయించారు. చివరికి అధికారం చేతికొచ్చాక, జియా టాన్ పేరుతో ఉన్నవాళ్లు 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టారు. ఆ నిర్వాహకుడి పరిస్థితి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

జనం డౌన్‌లోడ్ చేసుకునే విడుదల ఫైలును, కోడ్ మార్పులన్నీ నమోదయ్యే గిట్‌లోని కోడ్‌తో పోల్చి చూడండి. ఇది చాలామంది చేయరు. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని తెరిచే స్క్రిప్టు గిట్‌లో లేదు, విడుదల ఫైల్లోనే ఉంది. అసలు విషం టెస్టు ఫైళ్లలో దాచారు. కాబట్టి చదవడానికి వీల్లేని బైనరీ ఫైలు వస్తే, ఎలా తయారు చేశారో అడగండి. చెప్పకపోతే కలపొద్దు.

మీరు వాడే వేరేవాళ్ల కోడ్ దానంతటదే కొత్త వెర్షన్‌కు మారకుండా వెర్షన్ నంబర్లు బిగించి పెట్టుకోండి.

చిన్న తేడా కనిపించినా వదలొద్దు. దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి చూశారు కాబట్టే 2024 మార్చి 29న ఆ సంగతి లోకానికి తెలిసింది.

‘ఇంకా కలపలేదా’ అని ఎవరైనా తొందరపెడితే టెన్షన్ పడొద్దు, ఆ రోజుకు ఆపేయండి. క్లాక్ టవర్ దగ్గర టీకి కలిసే దోస్తుతోనైనా సరే, ఒకసారి చదివించాకే కలపండి.