పాటలు వింటూనే కంప్యూటర్‌ను ఎక్కువకాలం కాపాడుకోవడం ఎలా?

చెన్నై వెస్ట్ మాంబలంలో మా ఇంట్లో తెల్లారితే నాన్నగారి లాప్‌టాప్‌లో త్యాగరాజ కీర్తనల సీడీ మోగాల్సిందే. కొన్నేళ్లకు డ్రైవ్ మొరాయించింది. సీడీ పెట్టగానే గరగరమని తిరిగేది, ఆగేది, మళ్లీ తిరిగేది. ట్రే బయటికి లాగి చూస్తే లెన్స్ మీద సన్నటి దుమ్ము పొర. మిగతా లాప్‌టాప్ నిక్షేపంగా ఉంది.

పాట వినడం కంప్యూటర్‌కు పెద్ద పనేమీ కాదు. 320 కేబీపీఎస్ ఎంపీ3కి నిమిషానికి దాదాపు 2.4 ఎంబీ చదివితే చాలు. అరిగేవి తిరిగే భాగాలే. అందుకే పాటలు ఎక్కడ దాచామన్నది ముఖ్యం.

ముందుగా సీడీలను ఒక్కసారి కాపీ చేసేయండి. ఆడియో సీడీ మోగుతున్నంతసేపూ మోటారు నిమిషానికి 200 నుంచి 500 సార్లు తిరుగుతూనే ఉంటుంది, లేజర్ వెలుగుతూనే ఉంటుంది. గీతలు పడిన సీడీ అయితే చదివిందే మళ్లీ మళ్లీ చదవాలి. విండోస్ మీడియా ప్లేయర్‌లో 'రిప్' (సీడీలోని పాటలను కంప్యూటర్‌లోకి కాపీ చేసేది) నొక్కి, ధ్వనిలో ఏదీ పోకుండా ఫైల్‌ను కుదించే ఫ్లాక్ ఫార్మాట్ ఎంచుకోండి. నాణ్యత ఏమాత్రం తగ్గదు, సైజు మాత్రం సుమారు సగానికి వస్తుంది. సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచాకే పెట్టండి, గుండ్రంగా రుద్దకండి.

తర్వాత ఆ ఫైళ్లను ఎస్‌ఎస్‌డీలో, అంటే చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌లో పెట్టండి. అందులో తిరిగేదేమీ లేదు. రాస్తుంటే అరుగుతుంది గానీ, చదివితే అరుగుదల లెక్కలోకి రాదు. ఒకే పాట వెయ్యిసార్లు విన్నా టెన్షన్ అక్కర్లేదు. పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ ఉంటే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో అడిగి, దాని స్థానంలో సాటా రకం ఎస్‌ఎస్‌డీ వేయించుకోవచ్చు. నా మటుకు నాకు డబ్బు పెట్టదగ్గ మార్పు ఇదొక్కటే.

హార్డ్ డిస్క్‌తోనే నెట్టుకురావాలంటే పవర్ ఆప్షన్స్ తెరిచి, 'హార్డ్ డిస్క్' కింద ఎన్ని నిమిషాలకు ఆపమని ఉందో చూడండి. కరెంటు ఆదా అవుతుందని ఒకటి రెండు నిమిషాలు పెడతారు. అప్పుడు ప్లేయర్ పాటను ముందే చదివేసుకుంటే డిస్క్ నిద్రపోతుంది, తర్వాతి పాటకు మళ్లీ లేస్తుంది. నిలకడగా తిరగడం కంటే ఇలా పదేపదే ఆగి లేవడమే దానికి చేటు. 20 నిమిషాలు పెట్టండి. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో 'లోడ్ సైకిల్ కౌంట్' (డిస్క్‌ను చదివే తల పక్కకు వెళ్లి మళ్లీ వచ్చిన సార్లు) అంకె రోజుకు వందల్లో పెరుగుతోందేమో గమనించండి. లాప్‌టాప్‌ను స్పీకర్ మీద మాత్రం పెట్టకండి, ఆ అదురు హార్డ్ డిస్క్‌కు పడదు.

పెన్ డ్రైవ్‌లో వినడం వల్ల కంప్యూటర్‌కు ఇబ్బందేమీ లేదు. కానీ పాటలు అందులో మాత్రమే ఉంచకండి.

చివరగా, మొత్తం పాటలను ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. మన సముద్రపు తేమకు మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి బీరువాలో ఉంచండి. మూడు నెలలకోసారి తీసి కంప్యూటర్‌కు తగిలించి, నాలుగు పాటలు తెరిచి వినండి.