ఇద్దరూ కలిసి పాడితే గొంతు ఎందుకు అలిసిపోతుంది? బెల్ కాంటో యుగళాల్లో సమస్యలు, పరిష్కారాలు

ఇంట్లో ఒక్కరే పాడుకుంటే హాయిగా పలికే గొంతు, పక్కన ఇంకో గాయని నిలబడి ఆర్కెస్ట్రా మొదలవగానే మొరాయిస్తుంది. బలం చాలడం లేదనుకుని చాలామంది ఇంకా గట్టిగా సాధన చేస్తారు. నా ఉద్దేశంలో తేడా ఎక్కువగా చెవి దగ్గర, గుక్క దగ్గర వస్తుంది. బెల్ కాంటో అంటే సాఫీగా సాగే గొంతుకు, నగిషీలకు పేరుపొందిన ఇటలీ ఒపెరా గాన శైలి. ఉదాహరణకు ఇటలీ స్వరకర్త బెల్లీని ఒపెరా ‘నోర్మా’ రెండో అంకంలో ఇద్దరు స్త్రీలు కలిసి పాడే యుగళం ‘మీరా, ఓ నోర్మా’ తీసుకుందాం. 1831 డిసెంబర్ 26న మిలాన్‌లోని లా స్కాలాలో ఈ ఒపెరా తొలి ప్రదర్శనలో నోర్మాగా జుదిత్తా పాస్తా, అదల్జీసాగా జూలియా గ్రీసి పాడారు. అప్పుడే కాదు, నేటికీ ఒపెరా హాల్లో గాయకులు మామూలుగా మైకు లేకుండానే పాడతారు.

సమస్య: పియానోతో బాగానే ఉంది, ఆర్కెస్ట్రాతో పాడేసరికి గొంతు బొంగురుపోతోంది

కారణం: మీ గొంతు మీకు వినిపించడం లేదు. చుట్టూ శబ్దం పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. పక్కన ఉన్నవారూ అదే పని చేస్తారు. మీరు పెంచితే వాళ్లు పెంచుతారు, వాళ్లు పెంచితే మీరు. మెడ బిగుసుకుంటుంది, శ్రుతి కాస్త పైకి జారుతుంది. విచిత్రమేమిటంటే, ఇంత కష్టపడినా హాలు చివరి వరుసకు అదనంగా చేరేది చాలా తక్కువ.

పరిష్కారం: చెవిని కాకుండా ఒంటిని నమ్మడం నేర్చుకోవాలి. ఇయర్‌ఫోన్స్‌లో వాద్యాల ట్రాక్ పెట్టుకుని, మీ గొంతు మీకు సరిగా వినపడని స్థితిలో మెల్లగా పాడండి. పక్కటెముకలు విచ్చుకుని ఉన్నాయా, ముఖంలో ఎక్కడ కంపిస్తోంది అన్నది గుర్తుపెట్టుకోండి. వేదిక మీద ఆ గుర్తులే మీకు దారి. తర్వాత ఒకరిని హాలు వెనక నిలబెట్టి, ‘వినిపిస్తోందా’ అని వాళ్లనే అడగండి. పై స్థాయికి వెళ్లేకొద్దీ స్త్రీలు దవడ ఇంకాస్త వదిలి, అచ్చును కొంచెం విశాలం చేస్తే స్వరం తనంతట తానే మోగుతుంది. మగ గొంతుల కిటుకు వేరు: సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర గొంతులో వచ్చే మెరుపులాంటి మోత వాద్యాల పైనుంచి తేలి వినిపిస్తుంది. రిహార్సల్స్ అన్నీ పూర్తి గొంతుతో పాడకండి. సగం గొంతుతో గుర్తుగా పాడే మార్కింగ్ పద్ధతి ఉన్నదే ఇందుకు.

సమస్య: ఇద్దరి శ్రుతీ సరిగ్గానే ఉంది, అయినా జంట స్వరాలు కలవడం లేదు

ఈ యుగళంలో రెండు గొంతులు చాలాచోట్ల గాంధారమంత దూరంలో జంటగా కదులుతాయి. పియానో మీద ఆ దూరం, సహజంగా కలిసే అంతర గాంధారం (షడ్జమం నుంచి పెద్ద గాంధారం) కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). పియానోతో మాత్రమే సాధన చేసిన చెవికి ఇది పట్టదు. తంబూరతో పెరిగిన మనవాళ్లకు ఇక్కడ నిజంగా మేలు ఉంది: బాగా శ్రుతి చేసిన తంబూర షడ్జమంలోనే ఆ గాంధారం సన్నగా వినిపిస్తుంది కదా! తంబూర పెట్టుకుని కింది గొంతు స్థిరంగా నిలవాలి, పై గొంతు దానిమీద మెత్తగా వాలాలి. అచ్చులు ఒకేలా పలకాలి, ఒకరు ‘ఓ’ని మూసి ఇంకొకరు తెరిచి అంటే శ్రుతి కుదిరినా కలవదు. వైబ్రాటో (స్వరంలో వచ్చే సన్నని ఊగు) మరీ వెడల్పుగా ఉన్నవాళ్లు కాస్త తగ్గించుకోవాలి. వాద్యాలు ఆగి ఇద్దరే పాడే చోట ఇది ఇంకా ముఖ్యం.

సమస్య: గుక్క చివరిదాకా రావడం లేదు

ఎక్కువ గాలి పీల్చడమే తరచుగా కారణం. నిండుగా పీలిస్తే ఛాతీ బిగుస్తుంది, ఆపై ఒక్కసారిగా కూలుతుంది. చాలినంతే తీసుకుని, పక్కటెముకలను నెమ్మదిగా దిగనివ్వండి. గుక్క తీసుకునే చోట్లను ఇద్దరూ ముందే స్కోరులో (స్వరాలు రాసిన పుస్తకంలో) పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి.

సమస్య: వేగమైన బిర్కాలు (గబగబా దొర్లే స్వరాల వరుసలు) కలగాపులగం అవుతున్నాయి

‘హ హ హ’ అని గాలి కలిపి పాడుతున్నారేమో చూసుకోండి. సగం వేగంతో, హకారం లేకుండా మొదలుపెట్టండి.

సమస్య: పై స్వరం పాడుతుండగా హఠాత్తుగా గొంతు పోయింది

దీన్ని టెన్షన్ అని తీసిపారేయకండి. స్వరతంత్రిలో రక్తస్రావం అయి ఉండవచ్చు. వెంటనే పాడటం, మాట్లాడటం ఆపి ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఆస్పిరిన్ వంటి మాత్రలు వాడుతుంటే ఆ విషయం తప్పక చెప్పండి. రెండు మూడు వారాలైనా తగ్గని బొంగురుకూ పరీక్ష అవసరం. స్వరతంత్రుల కదలికను చిన్న అద్దంతో చూసే పద్ధతిని 1854లో కనిపెట్టింది మాన్యుయెల్ గార్సియా, ఆయన వైద్యుడు కాదు, గాన గురువు. ఇప్పుడు కెమెరాతో కొద్ది నిమిషాల్లో చూస్తారు. ఆ రిపోర్టు వచ్చేదాకా కచేరీకి ఒప్పుకోకండి.