యూరిన్ ఇన్ఫెక్షన్ టెస్టుకి శాంపిల్ సరిగ్గా ఎలా ఇవ్వాలి?

మూత్రానికి వెళ్తే మంట, వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి. ఇవి చెప్పగానే డాక్టర్‌కి సగం విషయం అర్థమైపోతుంది. మిగతా సగం తేల్చేది మీరు పట్టి ఇచ్చే మూత్రం. అదెలా పట్టాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ చెప్పరు, చేతిలో డబ్బా పెట్టి బాత్రూమ్ వైపు చూపిస్తారంతే. నేనూ మొదటిసారి అలాగే ఏదో పట్టి ఇచ్చేశాను, రెండు రోజులు ఆగాక వచ్చిన రిపోర్టులో 'మిక్స్‌డ్ గ్రోత్ (అంటే రకరకాల క్రిములు కలిసిపోయాయని), మళ్లీ శాంపిల్ పంపండి' అని ఉంది.

అన్నిటికంటే ముందు, ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసుకుని టెస్టుకి వెళ్లకండి. ఒకటి రెండు డోసులు పడినా కల్చర్‌లో (శాంపిల్‌లోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్టు) క్రిములు పెరగకపోవచ్చు, అప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్నా లేనట్టే వస్తుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే దాచకుండా చెప్పండి.

1. పొద్దున లేవగానే వచ్చే మూత్రం మంచిది. స్ట్రిప్ టెస్టులో (మూత్రంలో రంగు మారే పట్టీ ముంచి చూసేది) చూసే నైట్రైట్ అనే పదార్థం, బ్యాక్టీరియా మూత్రాశయంలో కొన్ని గంటలు ఉంటేనే తయారవుతుంది. గంటకోసారి పరిగెత్తేవాళ్లకి అది కుదరదు, పర్లేదు, వచ్చినప్పుడే ఇవ్వండి. కానీ త్వరగా రావాలని లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే శాంపిల్ పలచబడిపోతుంది.

2. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకుని, చర్మపు మడతల్ని వేళ్లతో విడదీసి పట్టుకోవాలి. మగవాళ్లు ముందు చర్మం ఉంటే వెనక్కి లాగి కడుక్కోవాలి.

3. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మొదట వచ్చే ధారని టాయిలెట్‌లోకే వదిలేయండి, దారిలో చర్మం మీదుండే క్రిములు దాంతో కొట్టుకుపోతాయి. ధార ఆపకుండానే డబ్బా అడ్డం పెట్టి మధ్యలోది పట్టండి, సగం నిండితే చాలు, తీసేయండి. డబ్బా అంచు ఒంటికి తగలకూడదు, మూత లోపలివైపు వేలు పెట్టకూడదు.

4. గంట, మహా అయితే రెండు గంటల్లోపు ల్యాబ్‌లో ఇచ్చేయండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, అదీ 24 గంటలు దాటకుండా. బయట వదిలేస్తే క్రిములు డబ్బాలోనే పెరిగిపోయి లెక్క తప్పుతుంది.

రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు, అంటే తెల్ల రక్తకణాలు) ఎక్కువ ఉంటే లోపల వాపు ఉందని. ఎపిథీలియల్ సెల్స్ బాగా ఎక్కువుంటే మాత్రం శాంపిల్‌లో చర్మపు కణాలు కలిశాయేమో అని డాక్టర్ అనుమానిస్తారు. కల్చర్‌కి ఒకటి రెండు రోజులు పడుతుంది. మిల్లీలీటర్‌కి లక్షకు పైగా ఒకే రకం బ్యాక్టీరియా (చాలాసార్లు ఈ.కోలై) పెరిగితే, లక్షణాలు కూడా ఉంటే, ఇన్ఫెక్షనే అంటారు. మంట గట్టిగా ఉంటే అంతకంటే తక్కువ లెక్కనీ కొట్టిపారేయరు. కింద మందుల పేర్ల పక్కన ఎస్ ఉంటే ఆ మందు పనిచేస్తుందని, ఆర్ ఉంటే ఆ క్రిమి దానికి లొంగదని.

ఏ ఇబ్బందీ లేకుండా కల్చర్‌లో మాత్రం బ్యాక్టీరియా కనిపిస్తే టెన్షన్ పడకండి, గర్భిణులకు తప్ప చాలామందికి మందు అక్కర్లేదు. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు మొదలైతే అది కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. అప్పుడు కల్చర్ రిపోర్టు కోసం ఇంట్లో ఎదురుచూడొద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.