లండన్ ‘సెల్యూట్’కు వెళ్లేవారికి

సౌత్ లండన్ వార్‌లార్డ్స్ క్లబ్ నిర్వహించే సెల్యూట్, బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే మినియేచర్ యుద్ధక్రీడల ఒక్కరోజు పండగ. వేదిక ఎక్సెల్ ప్రదర్శనశాల. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుని, ఎలిజబెత్ లైన్‌ రైలు ఎక్కి కస్టమ్ హౌస్‌లో దిగండి, హాలు పక్కనే.

కొనాల్సిన వాటి జాబితాలో ప్రతిదాని పక్కనా స్కేలు, అంటే బొమ్మ సుమారు ఎత్తు ఎన్ని మి.మీ. అన్నది, రాసుకోండి. 28 మి.మీ. సైన్యంలో 15 మి.మీ. గుర్రాలు ఇమడవు. పెట్టె మీద 28 అనే ఉన్నా ఒక్కో తయారీదారు బొమ్మ ఒక్కో ఎత్తులో, లావులో ఉంటుంది. అందుకే మీ సైనికుణ్ణి ఒకణ్ణి జేబులో వేసుకెళ్లి పక్కన నిలబెట్టి చూడండి. ఇంతకు మించిన కొలబద్ద లేదు. ముందస్తు ఆర్డర్లు తీసుకునే స్టాళ్లు ఉంటాయి. కావలసిన సరుకు అయిపోకుండా అదే మేలు.

ఆడాలనుకుంటే పొద్దున్నే బల్ల దగ్గర పేరివ్వండి, మధ్యాహ్నానికి ఖాళీలుండవు. కొన్ని బల్లలు చూడ్డానికి మాత్రమే. అడగకుండా ఏదీ ముట్టుకోవద్దు. ఆటలో బొమ్మను జరపాలంటే దాని కాళ్ల కింది బేస్ (పీట) పట్టుకోండి. ఈటె పట్టుకుంటే వంగుతుంది, రంగు రాలుతుంది.

విమానంలో తిరిగెళ్లేవారు స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు బొమ్మకు పూత కొట్టే డబ్బా) కొనకండి, చెక్-ఇన్ సామానులోనూ ఒప్పుకోరు. బొమ్మల పనికి కొన్న చిన్న కత్తులు చెక్-ఇన్‌లో, రంగువేసిన బొమ్మలు ఫోమ్ పెట్టెలో చేతి సంచిలో.