స్పిన్-ఆఫ్ కార్టూన్ సినిమాకు టికెట్ కొనే ముందు ఇవి చూడండి

స్పిన్-ఆఫ్ అంటే ఒక సినిమాలోని పాత్రను తీసుకుని దాని మీదే విడిగా తీసిన సినిమా. ముందు అసలు సినిమాలో ఆ పాత్ర ఎంతసేపు కనిపించిందో గుర్తు చేసుకోండి, ఎందుకంటే పక్కనుండి నవ్వించే పాత్ర సినిమా మొత్తం మోయగలదా అన్న దగ్గరే అభిమానుల లొల్లంతా. ‘డెస్పికబుల్ మీ’లో పక్కనుండి నవ్వించిన పసుపు బుడ్డోళ్ల ‘మినియన్స్’ (2015) వంద కోట్ల డాలర్లు దాటేసింది. ‘లైట్‌ఇయర్’ (2022)కు వచ్చేసరికి, ‘టాయ్ స్టోరీ’లోని బజ్ బొమ్మ అంటే టిమ్ అలెన్ గొంతే అని అలవాటు పడ్డవాళ్లు ఈసారి గొంతు క్రిస్ ఎవాన్స్‌ది అని వినగానే పెదవి విరిచారు (నాకైతే గొంతుతో పేచీ లేదు, కథే నీరసం). కాబట్టి ట్రైలర్‌లో జోకులు లెక్కపెట్టకండి, ఈ పాత్రకు సొంతంగా ఏం కావాలో తెలుస్తుందా చూడండి. తెలియకపోతే ఆశ తగ్గించుకోండి.

హన్మకొండలో బుక్ చేస్తుంటే భాష చూసుకోండి, తొందరలో ఇంగ్లిష్ షో నొక్కేస్తే చిన్నోళ్లు ఇంటర్వెల్ దాకా కూడా కూర్చోరు. తెలుగు డబ్బింగ్‌ను చిన్నచూపు చూడొద్దు, ‘ముఫాసా’ (2024)కు మహేశ్ బాబు గొంతు అనగానే మా ఇంట్లో పిల్లల కన్నా పెద్దోళ్లే ముందు తయారయ్యారు.

పిల్లలకు ముందురోజు మొదటి భాగం ఒక్కటి వేస్తే చాలు, సిరీస్ అంతా అక్కర్లేదు. ఇక టెన్షన్ పడే అభిమాని మీరే అయితే మొదటి రోజు వదిలేసి సోమవారం వెళ్లండి, అప్పటిదాకా రివ్యూలు తెరవకండి.